బాబా కాలెత్తిన సాయంత్రం

అమెరికా వస్తాదు హల్క్ హోగన్‌ను కళ్ళారా చూశానని చెబితే మా వీధి పిల్లల్లో ఒక్కడూ నమ్మలేదు. హైదరాబాదులో ఇంటింటికీ కేబుల్ తీగలు లాగుతున్న రోజులవి. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి ఒక మూలకు విసిరి టీవీలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీల ముందు కూర్చునేవాళ్ళు. అది అయిపోగానే అరుగు మీద వస్తాదుల బొమ్మలున్న ట్రంప్ కార్డులు. ఎవరి ఎత్తు ఎంత, బరువు ఎంత, ఛాతీ కొలత ఎంత, ర్యాంకు ఎంత, అన్నీ నోటికి వచ్చు. వాళ్ళ దృష్టిలో నేను బాలానగర్‌లో లేత్ మిషన్ల మధ్య నూనె మరకల చొక్కాతో తిరిగే అంకుల్‌ని. “ఎక్కడ చూశారు అంకుల్, అమెరికాలోనా?” అని అడిగారు. జపాన్‌లో అన్నాను. దాంతో నామీద మిగిలిన కాస్త నమ్మకమూ పోయింది. అమెరికా వస్తాదులకు జపాన్‌లో ఏం పని అని వాళ్ళ అనుమానం.

పని ఉంది. 1990 ఏప్రిల్ 13, శుక్రవారం నాడు టోక్యో డోమ్‌లో అమెరికావాళ్ళ డబ్ల్యూడబ్ల్యూఎఫ్, జపాన్‌లోని రెండు పెద్ద కుస్తీ కంపెనీలు ఆల్ జపాన్, న్యూ జపాన్ కలిసి ఒకే రింగులో ఆటలు ఆడించాయి. దానికి జపాన్–అమెరికా రెజ్లింగ్ సమ్మిట్ అని పేరు పెట్టారు. దేశాధినేతల సమావేశానికి పెట్టే పేరు కుస్తీకి పెట్టడం అప్పట్లో నాకు నవ్వు తెప్పించింది. ఆ ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో తెలిశాక నవ్వలేదు.

నేను అప్పుడు కవాసాకిలో ఉన్నాను. మా కంపెనీకి అక్కడి ఒక కర్మాగారంతో సాంకేతిక ఒప్పందం ఉండడంతో, కొన్ని నెలల శిక్షణకు నన్ను పంపారు. చలికాలంలో వెళ్ళాను. హాస్టల్ గదిలో కిరోసిన్ హీటరు, పొద్దున్నే వరుసలో నిలబడి చేసే కసరత్తు, మధ్యాహ్నం క్యాంటీన్లో ఏది శాకాహారమో తేల్చుకోలేని అవస్థ, ఇవన్నీ ఆ రోజుల్లో వెళ్ళిన ప్రతివాడూ చెప్పేవే కాబట్టి వదిలేస్తాను. చెప్పవలసింది మా హంచో గురించి.

షాపులో పది పన్నెండు మందికి పెద్దగా ఉండి పని నేర్పేవాడిని అక్కడ హంచో అంటారు. మా హంచోకు నలభై దాటాయి. పొట్టి మనిషి, మాట తక్కువ. పనిముట్టు తప్పుగా పట్టుకుంటే తిట్టడు, తన చేత్తో నా వేళ్ళు సరిచేసి వెళ్ళిపోతాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు జపనీసు అంతంత మాత్రం. రెండు నెలలు మా మధ్య బోల్టులు, టాలరెన్సులు తప్ప వేరే మాట లేదు. ఒకరోజు టీ విరామంలో ఆయన టోక్యో స్పోర్ట్స్ పేపరు చదువుతున్నాడు. అది సాయంత్రం పేపరు, మొదటి పేజీ నిండా రంగు రంగుల అక్షరాలు. అందులో ఒక పొడుగాటి మనిషి బొమ్మ చూసి, ఎవరని వేలు పెట్టి అడిగాను. హంచో పేపరు మడిచి, నా వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు. “రావు-సాన్, బాబా తెలియదా?” అన్నాడు.

(ఆ తరువాత ఇంటికి రాసిన ఉత్తరంలో “వచ్చే నెల బాబాను చూడటానికి టోక్యో వెళుతున్నాను” అని రాశాను. అమ్మ ఆ ఉత్తరాన్ని దేవుడి గూట్లో పెట్టి, పుట్టపర్తి ఆయన జపాన్ కూడా వెళతారా అని చుట్టుపక్కల వాళ్ళను అడిగిందట.)

జెయింట్ బాబా అసలు బేస్‌బాల్ ఆటగాడు. యోమియురి జెయింట్స్ జట్టులో బంతి విసిరేవాడు. ఎత్తు 209 సెంటీమీటర్లు. ఆట సాగక, జపాన్‌లో కుస్తీకి ఊపు తెచ్చిన రికిడోజాన్ దగ్గర కుస్తీ నేర్చుకోవడానికి చేరాడు. అదే కాలంలో రికిడోజాన్ దగ్గర చేరిన మరో కుర్రవాడు ఆంటోనియో ఇనోకి. 1960 సెప్టెంబరు 30న ఇద్దరూ ఒకే రోజు తొలి కుస్తీ పట్టారు. 1972లో ఇద్దరూ వేరు కుంపట్లు పెట్టుకున్నారు. ఇనోకిది న్యూ జపాన్, బాబాది ఆల్ జపాన్. ఒక టీవీ ఛానెల్ ఒకరిది, మరో ఛానెల్ మరొకరిది. అమెరికా నుంచి పేరున్న వస్తాదు వస్తే ఎవరు ముందు పట్టుకోవాలని పోటీ. 1981 చివర స్టాన్ హాన్సెన్ న్యూ జపాన్ వదిలి బాబా దగ్గరికి రావడం హంచో చెప్పిన తీరు చూస్తే, ఏదో రాజ్యం నుంచి సేనాపతి ఫిరాయించాడేమో అనిపించింది.

పద్దెనిమిదేళ్ళు ఎడముఖం పెడముఖంగా ఉన్నవాళ్ళు ఒకచోటికి రావడానికి కారణం ఒక విధంగా ఎన్నికలు. 1989లో ఇనోకి పార్లమెంటు ఎగువ సభకు గెలిచాడు. కంపెనీ పగ్గాలు సెయిజి సకగుచి చేతికి వచ్చాయి. సకగుచికీ బాబాకూ మాట కలిసేది. 1990 ఫిబ్రవరి 10న న్యూ జపాన్ టోక్యో డోమ్‌లో పెట్టిన ఆటకు రావలసిన అమెరికా యోధుడు రిక్ ఫ్లెయర్ రాకపోతే, సకగుచి అడిగిన వెంటనే బాబా తన మనుషులను పంపాడు. అలా తలుపు తెరుచుకుంది. ఆ మర్నాడు అదే డోమ్‌లో మైక్ టైసన్ బస్టర్ డగ్లస్ చేతిలో ఓడిపోయాడు. ప్రపంచమంతా టైసన్ గురించే మాట్లాడుతుంటే, మా షాపులో మాత్రం బాబా మనుషులు న్యూ జపాన్ రింగు ఎక్కారన్నదే వార్త.

అమెరికావైపు కథ వేరు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్ దగ్గర డబ్బుంది, పేరుంది, జపాన్ బజారు కావాలి. అంతకు ఏడాది కిందటే ఆయన కంపెనీవాళ్ళు న్యూజెర్సీ చట్టసభ ముందు, మాది పోటీ కాదు వినోదం అని ఒప్పుకున్నారు, క్రీడల కమిషను పన్నులూ నిబంధనలూ తప్పించుకోవడానికి. జపాన్ పత్రికలు మాత్రం కుస్తీని బేస్‌బాల్ పక్కనే అచ్చేసేవి. ఒకరు ఇది నాటకమే, వచ్చి చూడండి అంటారు. మరొకరు నాటకమా కాదా అన్న మాటే ఎత్తరు. ఈ ఇద్దరూ కలిసి టికెట్లు అమ్మారు. సోనీ కొలంబియా పిక్చర్స్‌ను కొన్నదనీ, మిత్సుబిషి రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో వాటా కొన్నదనీ అమెరికా గగ్గోలు పెడుతున్న రోజులవి. “కార్లకు పన్ను గొడవ, కుస్తీకి మాత్రం లేదు” అని హంచో ఒక్కసారి నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు కాబట్టి గుర్తుంది.

ఆ శుక్రవారం షిఫ్టు కాగానే బయలుదేరాం. కవాసాకిలో నీలం రంగు రైలు, అకిహబారాలో దిగి పసుపు రంగు రైలు, రెండో స్టేషను సుయిదోబాషి. గేటు దగ్గర టికెట్లకు కత్తెరలాంటి పంచ్‌తో గాట్లు పెట్టే ఉద్యోగులు చేతిలో పని లేనప్పుడు కూడా దాన్ని టకటకలాడిస్తూనే ఉండేవాళ్ళు. ఆ రోజు వాళ్ళకు తీరిక లేదు. ప్లాట్‌ఫారం మీద ఆఫీసు సూట్లలో ఉన్నవాళ్ళు మెడలో తువ్వాళ్ళు వేసుకుని, చేతుల్లో రంగుకాగితం చుట్టలు పట్టుకుని నడుస్తున్నారు. ఆ చుట్టలెందుకో లోపలికి వెళ్ళాక తెలిసింది. తమ వస్తాదు పేరు పిలవగానే ఒక కొస వేలికి చుట్టుకుని రింగులోకి విసురుతారు. క్షణంలో తాళ్ళన్నీ రంగుల్లో మునిగిపోతాయి, కుర్ర వస్తాదులు పరుగున వచ్చి ఊడ్చేస్తారు.

టోక్యో డోమ్ కట్టి అప్పటికి రెండేళ్ళే. దాని కప్పుకు దూలాలు లేవు. లోపలి గాలి ఒత్తిడే ఆ గుడ్డ కప్పును పైకి నిలబెడుతుంది. అందుకే తిరిగే తలుపుల గుండా వెళ్ళాలి. పాత కొరాకుయెన్ మైదానం పక్కనే ఈ డోమ్ కట్టారు, అదీ జెయింట్స్ జట్టుకు సొంతిల్లే. యువకుడిగా బేస్‌బాల్‌లో నిలదొక్కుకోలేని బాబా, ఆ జట్టు గడ్డమీదికే యాభై మూడు వేల మందిని పోగుచేసి వస్తున్నాడన్న మాట. ప్రకటించిన లెక్క 53,742. మా సీట్లు ఎక్కడో పైన. హంచో దుర్భిణి తెచ్చాడు, ఇద్దరికీ అదొక్కటే.

ముందు కొన్ని చిన్న కుస్తీలు. వాటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. జేక్ రాబర్ట్స్ పామును తెచ్చాడు, బిగ్ బాస్ మ్యాన్‌ను ఓడించాడు. మిస్టర్ పర్ఫెక్ట్, రిక్ మార్టెల్ జోడీ మీద బాబా కంపెనీ అగ్ర వస్తాదు జంబో త్సురుతా, అతని జోడీ హాకు గెలిచారు. జంబో పిడికిలి ఎత్తి “ఓ” అంటే యాభై వేల గొంతులు “ఓ” అన్నాయి, అది బాగుంది. అల్టిమేట్ వారియర్ గురించి మాత్రం చెప్పాలి. అంతకు పన్నెండు రోజుల ముందే టొరంటోలో హోగన్‌ను ఓడించి ఛాంపియన్ అయినవాడు. ముఖానికి రంగులు, చేతులకు రిబ్బన్లు. పరుగెత్తుకుంటూ వచ్చి తాళ్ళు పట్టుకుని ఊపేశాడు. నా చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదగా చూశారు, అంతే. టెడ్ డిబియాసీ జపాన్‌కు పాతకాపు కావడంతో అతనికే నాలుగు చప్పట్లు ఎక్కువ పడ్డాయి. వారియర్ గెలిచాడు. హంచో దుర్భిణి నాకిచ్చి చేపముక్కల పొట్లం విప్పుకున్నాడు. కుస్తీ రాకుండా ఎంత ఊగితే ఏం లాభమని ఆయన అభిప్రాయం, నాదీ అదే.

ఇరవై నిమిషాలు ఎటూ తేలని ఒక కుస్తీ కూడా జరిగింది. గులాబీ, నలుపు రంగుల దుస్తుల్లో బ్రెట్ హార్ట్. ఎదుట పులి ముసుగులో టైగర్ మాస్క్. పట్టు మీద పట్టు, మెల్లగా, ఓపికగా. అమెరికా జట్టు ఆర్భాటం కోసం వచ్చిన జనం అప్పటికే లేచి కాఫీకి పోతున్నారు. సమయం ముగిసి గంట కొట్టారు, సమంగా తేల్చారు. ఆ ముసుగు వెనుక ఉన్నది మిత్సుహారు మిసావా అన్న ఇరవై ఏడేళ్ళవాడు. నెల తిరిగేసరికి, మే 14న, టోక్యోలోనే ఆట మధ్యలో ముసుగు ముడి విప్పించుకుని తన ముఖంతో నిలబడ్డాడు. జూన్ 8న బుడోకాన్ హాలులో ఏకంగా జంబో త్సురుతానే ఓడించాడు. ఆ పదేళ్ళూ జపాన్ కుస్తీ అంటే మిసావాయే. బ్రెట్ హార్ట్ కూడా 1992లో అమెరికా ఛాంపియన్ అయ్యాడు. రెండు దేశాల రాబోయే దశాబ్దానికి పెద్దలు కాబోయే ఇద్దరు ఒకరి చెయ్యి ఒకరు మెలిపెడుతుంటే, జనం వరుసల మధ్య కాళ్ళు తొక్కుకుంటూ బయటికి వెళ్ళి వస్తున్నారు.

ఇక సావేజ్, తెన్ర్యూ. ర్యాండీ సావేజ్ అప్పుడు మాచో కింగ్. తల మీద కిరీటం, తళతళలాడే అంగీ, పక్కన షెర్రీ. ఆమె మేనేజరు, రంగులు పూసుకున్న ముఖంతో రింగు చుట్టూ తిరుగుతూ అరుస్తుంది. ఇటువైపు గెనిచిరో తెన్ర్యూ. సుమోలో పేరు తెచ్చుకుని కుస్తీకి వచ్చినవాడు, నల్ల చడ్డీ, నవ్వు లేని ముఖం, అలంకారం ఒక్కటీ లేదు. వీళ్ళిద్దరికీ ఏం పొత్తు కుదురుతుందని నేను అనుకుంటున్నాను. జనం కూడా మొదట నవ్వుతూనే చూశారు.

షెర్రీ ఆ నవ్వు ఆపేసింది. తెన్ర్యూ తాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె వెనుకనుంచి చెయ్యి చేసుకునేది. జపాన్‌లో పెద్ద ఆటల్లో ఆడమనిషి మగవాళ్ళ కుస్తీలో ఇలా తలదూర్చడం జనానికి అలవాటు లేదు. మొదట ఆశ్చర్యం, తరువాత గొణుగుడు, చివరికి పక్కవరుసలో టై కట్టుకున్న పెద్దమనిషి లేచి నిలబడి కేకలు. సావేజ్ అదంతా చెవులతో వింటూ, ఎప్పుడు ఎంత రెచ్చగొట్టాలో లెక్కవేసుకుంటూ ఆడాడు. తెన్ర్యూ తన ధోరణి ఒక్క పిసరు మార్చుకోలేదు. అతను సావేజ్ ఛాతీ మీద అరచేత్తో చరిస్తే, పైన కూర్చున్న మాకు ముందు చెయ్యి కనిపించేది, ఒక క్షణం ఆగి చప్పుడు వినిపించేది. ఆ ఖాళీ క్షణంలో వేలమంది ఊపిరి బిగబట్టేవాళ్ళు. పై తాడు మీదినుంచి సావేజ్ దూకినప్పుడు గొడవ, తెన్ర్యూ లేచినప్పుడు గొడవ. చివరికి తెన్ర్యూ అతన్ని ఎత్తి పవర్‌బాంబ్‌తో నేలకు కొట్టి గెలిచాడు. హంచో నా భుజం మీద చెయ్యి వేశాడు. షాపులో అంతవరకు ఎప్పుడూ వెయ్యలేదు.

ఒకరిది వేషం, ఒకరిది బరువు. ఎవరూ ఎవరి పద్ధతికీ లొంగలేదు, అయినా ఆట కుదిరింది. ఆ రోజు ఆటల్లో ఏది గొప్పదని ఇప్పుడు ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. జెండాలు కట్టి, పేరు పెట్టి, రెండు దేశాలు కలిశాయని ప్రకటించిన కార్యక్రమంలో నిజంగా కలిసింది వీళ్ళిద్దరే అని నా నమ్మకం.

ఇది జరిగాక కూడా మా హంచో అసలు వచ్చిన పని మిగిలే ఉంది. బాబా, ఆంద్రే ది జెయింట్ ఒక జట్టు. ఎదుట డిమాలిషన్, ముఖాలకు రంగు, తోలు పట్టీలు, అమెరికా జంట ఛాంపియన్లు. టొరంటోలో ఆంద్రేను ఓడించే ఆ పట్టాలు తీసుకున్నారు. ఆంద్రే అప్పటికే నడవలేని స్థితి. తాళ్ళు పట్టుకుని నిలబడి, అందులోనుంచే ఎదుటివాడిని నొక్కేస్తాడు. బాబాకు యాభై రెండేళ్ళు. చేతులు సన్నబడ్డాయి, ఎర్ర చడ్డీ పొట్ట మీదికి లాగి కట్టుకున్నాడు, ఒక అడుగు వేసి రెండో అడుగు గురించి ఆలోచిస్తాడు. ట్రంప్ కార్డుల లెక్కన చూస్తే ఇద్దరినీ పక్కన పెట్టేయాలి.

బాబా పెద్ద దెబ్బ ఆయన కాలు. పాత కొలతల్లో పదహారు మోన్ల బూటు అని పేరు. ఆ కాలెత్తి అలా నిలబెడతాడు. ఎదుటివాడు తాళ్ళకు తగిలి వెనక్కి పరుగెత్తుకొచ్చి, తన ముఖాన్ని తానే ఆ బూటుకు అప్పగించాలి. బుద్ధి ఉన్నవాడెవడైనా పక్కకు తప్పుకుంటాడు. ఎవడూ తప్పుకోడు. మా తెనాలిలో పద్యనాటకం ఆడుతుంటే రాయబారం ఘట్టంలో ఏ పద్యం వస్తుందో, ఎక్కడ రాగం తీస్తారో ముందు వరుసలో చాప వేసుకున్న ముసలాయనకు నటుడికంటే బాగా తెలుసు. తెలిసే తెల్లవార్లూ కూర్చుంటాడు. గొంతు పెగలని వయసులో కూడా ఆ నటుడు ఆ పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్ అంటాడు. బాబా కాలెత్తినప్పుడు డోమ్‌లో లేచిన కేక అచ్చంగా ఆ కేకే. కుర్రవాళ్ళు నవ్వుతూ అరిచారు, హంచో వయసువాళ్ళు నవ్వకుండా అరిచారు. డిమాలిషన్ జోడీ, అంత పెద్ద శరీరాలు, ఎంతో గౌరవంగా ఓడిపోయారు.

మధ్యలో హంచో తన చిన్నతనం చెప్పాడు. చెప్పాడంటే, సగం మాటలు, సగం చేతులు. 1954లో షింబాషి స్టేషను ముందు వీధిలో టీవీ పెట్టారట. ఇళ్ళలో ఎవరికీ టీవీ లేదు. రికిడోజాన్ అమెరికా నుంచి వచ్చిన షార్ప్ సోదరులతో కుస్తీ పడుతుంటే వీధి నిండా జనం. తండ్రి భుజాల మీదెక్కి చూశాడట. యుద్ధంలో ఓడి తొమ్మిదేళ్ళు, అమెరికా సైనిక పాలన ముగిసి రెండేళ్ళు. ఒక జపాన్ మనిషి కరాటే చరుపుతో తెల్ల దొరను పడగొడుతుంటే పెద్దవాళ్ళు ఏడ్చారని చెప్పాడు. ఆ రికిడోజాన్ పుట్టింది కొరియాలో అన్నది తరువాత ఎప్పుడో అందరికీ తెలిసిన సంగతి. హంచో ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ కథ విన్నాక చివరి కుస్తీ నాకు మరోలా కనిపించింది. టోక్యో నడిబొడ్డున, పెద్ద ఆటలో, రింగులో ఉన్నది ఇద్దరూ అమెరికావాళ్ళే. హల్క్ హోగన్, స్టాన్ హాన్సెన్. జపాన్ జనం రెండు పక్షాలుగా చీలిపోయి ఇద్దరినీ తమవాళ్ళనే అంటున్నారు. హాన్సెన్ టెక్సస్ మనిషి. కౌబాయ్ టోపీ, చేతిలో గంట కట్టిన మోకు. దాన్ని తిప్పుకుంటూ జనం మధ్య నుంచి వస్తుంటే కుర్చీలు వదిలి పారిపోతారు, పారిపోతూనే సంబరపడతారు. అతనికి చూపు తక్కువ, కళ్ళద్దాలు లేకపోతే మోకు ఎవరికి తగులుతుందో అతనికే తెలియదట. ఏళ్ళ తరబడి జపాన్‌లోనే ఆడి ఆడి అతను అక్కడి ఇంటి మనిషి అయ్యాడు. హోగన్ కూడా అంతే. అమెరికాలో సూపర్‌స్టార్ కాకముందు న్యూ జపాన్‌లో పని నేర్చుకున్నవాడు. 1983లో ఇనోకిని మోచేతి దెబ్బతో స్పృహ తప్పేలా కొట్టి గెలిచిన ఆట గురించి మా షాపులో ఇంకా వాదించుకునేవాళ్ళు.

కేబుల్ టీవీలో మన పిల్లలు చూసిన హోగన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, బనియన్ చింపుకుని, చివర కాలు వేసి గెలుస్తాడు. డోమ్‌లో నేను చూసిన హోగన్ నేల మీద పట్లు పట్టాడు, చెయ్యి మెలితిప్పాడు. తెలిసిన విద్యను వేరే ఊళ్ళో అవసరం లేదని దాచుకుని, ఇక్కడ బయటికి తీశాడు. గెలిచింది కూడా కాలుతో కాదు, జపాన్‌లో అతనికి పేరు తెచ్చిన ఆ మోచేతి దెబ్బతోనే. యాక్స్ బాంబర్ అంటారు దాన్ని. హాన్సెన్ పడ్డాడు. సగం డోమ్ మూలిగింది, సగం డోమ్ ఎగిరింది.

బయటికి వచ్చేటప్పుడు పక్క తలుపులు తెరిచారు. లోపలి గాలి వీపు మీద చెయ్యి వేసి నెట్టేసింది, హంచో టోపీ ఎగిరిపోయి ఎవరో కుర్రవాడు పరుగెత్తి పట్టుకొచ్చాడు. రైలు పట్టాల కింద ఒక చిన్న కొట్టులో నిలబడి ఆయన బీరు తాగాడు, నేను ఉప్పు వేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు తిన్నాను. తెన్ర్యూ గురించి ఆయన చాలాసేపు మాట్లాడాడు. నాకు పావువంతు అర్థమై ఉంటుంది.

మూడు వారాలు తిరగకుండానే ఆ మాటలన్నీ చేదెక్కాయి. తెన్ర్యూ బాబాను వదిలి, కళ్ళజోళ్ళ దుకాణాల కంపెనీ ఒకటి డబ్బు పెట్టిన కొత్త సంస్థకు వెళ్ళిపోయాడు. హంచో ఆ రోజు టీ తాగలేదు. మరుసటి ఏడాదికి ముగ్గురి పొత్తు ముక్కలైంది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తెన్ర్యూ కొత్త కంపెనీతో చేతులు కలిపి 1991 మార్చి 30న అదే డోమ్‌లో ఆట పెట్టింది. దానికి తొమ్మిది రోజుల ముందు న్యూ జపాన్ అమెరికాలోని మరో కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూతో కలిసి అక్కడే ఆట పెట్టింది. బాబా ఎవరితోనూ కలవకుండా మిసావాను, మరికొందరు కుర్రవాళ్ళను పట్టుకుని తన కంపెనీ నిలబెట్టుకున్నాడు. అదే ఆయనకు మేలు చేసిందని ఇప్పుడనిపిస్తుంది. ఆంద్రే మాత్రం బాబాను వదల్లేదు. 1992 డిసెంబరులో టోక్యోలో ఆడిన చివరి కుస్తీలో కూడా బాబా జట్టులోనే ఉన్నాడు. ఆ తరువాత రెండు నెలలు కూడా బతకలేదు.

తెన్ర్యూ వెళ్ళిపోయాక జరిగిన సంగతులన్నీ నాకు హంచో ఉత్తరాలతో తెలిశాయి. అప్పటికి నేను హైదరాబాదు వచ్చేశాను. పత్రికల నుంచి కత్తిరించిన ముక్కలు, వెనుక పెన్సిలుతో చిన్న బొమ్మలు. నాకు చదవడం రాదని ఆయనకు తెలుసు కాబట్టి, ఎవరు ఎవరిని ఓడించారో బాణం గుర్తులతో వేసేవాడు. బయలుదేరే ముందు ఆ ఆట వీడియో కాసెట్టు కూడా ఇచ్చాడు. వీధి పిల్లలు నమ్మనప్పుడు దాన్నే సాక్ష్యంగా తీశాను. పక్కింటి వీసీఆర్‌లో పెడితే బొమ్మ నిలవలేదు, తెర మీద గీతలు పైనుంచి కిందికి పరుగెత్తాయి, రంగు అసలే లేదు. అప్పట్లో టీవీ బొమ్మకు జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మనది పాల్. ఆ గీతల మధ్య ఏదో నల్లటి ఆకారం కదిలింది. “అది హోగనా అంకుల్?” అని ఒకడు అనుమానంగా అడిగాడు. చూడబోతే అది పాము పట్టుకున్న జేక్ రాబర్ట్స్. చాలా ఏళ్ళకు కోఠీలో ఒక కొట్టులో దాన్ని మార్పించుకున్నాను. అప్పటికి ఆ పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిపోయారు, వాళ్ళకు కుస్తీ గుర్తు కూడా లేదు.

బాబా 1999 జనవరిలో పోయాడు. ఆ ఏడాది హంచో పంపిన కాగితం ముక్క మీద బాణం గుర్తు లేదు. జంబో త్సురుతా మరుసటి ఏడాది. మిసావా 2009లో హిరోషిమాలో రింగులోనే కుప్పకూలాడు. సావేజ్ 2011లో, వారియర్ 2014లో, షెర్రీ వాళ్ళకంటే ముందే. హోగన్ 2025 జులైలో. బ్రెట్ హార్ట్, హాన్సెన్, తెన్ర్యూ ఉన్నారు.

మా మేనల్లుడు షికాగోలో ఉంటాడు. 2022 జూన్‌లో యునైటెడ్ సెంటర్‌లో న్యూ జపాన్, అమెరికా వాళ్ళ ఏఈడబ్ల్యూ కలిసి పెట్టిన ఫర్‌బిడెన్ డోర్ అనే ఆటకు స్నేహితులతో వెళ్ళి, అక్కడినుంచే నాకు వీడియో ఫోను చేశాడు. ఈసారి జపాన్‌వాళ్ళు అమెరికాకు వచ్చారు. అక్కడి జనం తనహాషి పేరు జపాన్ ఉచ్చారణలోనే కేక వేస్తున్నారు. చివరి ఆటలో తనహాషి మీద జాన్ మాక్స్‌లీ గెలిచాడు. “మామయ్యా, అదిరిపోయింది” అని వాడు అరగంట చెప్పాడు. పెద్ద ఆట సంగతి సరే, మధ్యలో జనం లేచి బయటికి పోయిన కుస్తీ ఏదైనా ఉందా, అందులో ఎవరెవరు ఆడారని అడిగాను. వాడు కాసేపు ఆలోచించాడు. ఉందనీ, బాగా పొడుగ్గా సాగిందనీ, ఆ సమయంలో తాను నాచోస్ కోసం వరుసలో నిలబడ్డాననీ చెప్పాడు.